చేతులు మారిన కారు, పాతబడిన పటము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఇటీవల కారు కొనుచున్న కుటుంబములు పెక్కు. హైదరాబాదునుండియో కర్నూలునుండియో ఒకరిద్దరు వాడి విడిచిన కారును తెచ్చుకొనువారు వారిలో తక్కువేమియు కారు. అట్టి కార్లు కొన్నింటిలో, పూర్వము రేడియో మాత్రమే ఉండెడి తావున, అరచేయి వెడల్పున ఒక తెర అమర్చబడి యుండును. మీట నొక్కగనే పటము కనబడును. పటముపై ఒక బాణపు గుర్తు కదలుచుండును. లోపలినుండి ఒక స్త్రీ కంఠము ఇంగ్లీషులో కుడికి తిరుగుడనియో ఎడమకు తిరుగుడనియో పలుకును. అమ్మకందారు దానిని చూపి ధర కొంత హెచ్చుగనే చెప్పియుండును. పది దినములు తిరిగిన పిదప ఇంటివారికి అసలు సంగతి తెలియును: ఆ యంత్రమునకు వనపర్తి జిల్లా యను పేరే తెలియదు, ఉన్న దారిని లేదనును, లేని మలుపు వద్ద తిరుగుమనును.

అట్టి తెరను నమ్మవచ్చునా, లేక మూసివేయుట మేలా యని మమ్ము అడిగినవారు కలరు. ఆ పెట్టెలో నున్నవి నిజమునకు రెండు వస్తువులు. ఒకటి రేడియో, రెండవది పుస్తకము. రేడియో ఈ క్షణమున ఆకాశమునుండి వచ్చుచున్న వార్తను వినుచున్నది. పుస్తకము ఏనాడో అచ్చుపడి లోపల కుట్టబడినది. తెరపై ఈ రెండును ఒకదానిపై నొకటి పరచి చూపుటచేత, చూచువారికి రెండును ఒక్కటిగనే తోచును. చిక్కంతయు అక్కడ నున్నది. మా కార్యక్రమ పత్రిక గత సంవత్సరపు సంచికను ఎదుట నుంచుకొని, సరియైన గడియారమును చూచుచు, ఈ రాత్రి నాటకము ఎన్ని గంటలకని వెదకువాని స్థితి యెట్టిదో, పాత కారు నడుపువాని స్థితియు అట్టిదే. గడియారమున తప్పు లేదు.

మొదట రేడియో సంగతి చెప్పెదము. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున అమెరికా ప్రభుత్వమువారి ఉపగ్రహములు తిరుగుచున్నవి. జీపీయస్ అని అందరును వ్యవహరించునది ఈ ఏర్పాటునే. 24 ఉపగ్రహములతో 1995లో ఇది సంపూర్ణముగ పనిలోనికి వచ్చెను. ప్రతి ఉపగ్రహమును తానెక్కడ నున్నదో, తన గడియారములో వేళ యెంతయో ఎడతెగక ప్రసారము చేయుచుండును. పౌరులందరును వినదగిన ప్రసారము 1575.42 మెగాహెర్ట్జులపై వచ్చును. రేడియో తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, నడినెత్తిన నున్న ఉపగ్రహము పలికిన మాట గద్వాల కోట ముందు నిలిచిన కారును చేరుటకు సెకనులో సుమారు 15వ వంతు కాలము పట్టును. ఎంత ఆలస్యముగ విన్నదో చూచుకొని, కారులోని యంత్రము ఉపగ్రహము ఎంత దూరమున నున్నదో లెక్కగట్టును. మూడింటి దూరములు తెలిసినచో తానున్న చోటు తేలును. నాలుగవ ఉపగ్రహమేల యని అడుగవచ్చును. ఉపగ్రహములోనిది పరమాణు గడియారము. కారులోనిది చౌక గడియారము. సెకనులో పదిలక్షలవ వంతు తేడా వచ్చినను చోటు 300 మీటర్లు తప్పును. ఆ తేడాను సవరించుకొనుటకు నాలుగవది కావలెను.

ఇందు శ్రోతలు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఈ యంత్రము వినుటయే గాని పలుకుట లేదు. మీ ఇంటి రేడియో మాతో మాటాడనట్లే, ఇదియు ఉపగ్రహముతో మాటాడదు. దీనికి టెలిఫోను టవరు అక్కరలేదు. నెలసరి చందా లేదు. 2000 సంవత్సరమువరకు అమెరికా సైన్యమువారు పౌరులు వినెడి ప్రసారమును కోరియే కొంత చెరిపి పంపెడివారు. ఆ సంవత్సరము మే 1వ తేదీ రాత్రి ఆ ఆటంకమును తొలగించిరి. కనుక పది పదునైదేండ్లనాటి కారు యంత్రమైనను, ఆకాశము తేటగా కనబడు చోట, తానున్న తావును కొద్ది మీటర్ల తేడాలో నేటికిని చెప్పగలదు. మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ 7 ఉపగ్రహములతో 2016లో ఏర్పడి నావిక్ అను పేరు పొందినది. పాత యంత్రములు దానిని వినజాలవు. అంతమాత్రమున మన ప్రయాణమునకు లోటు లేదు.

మంచి యంత్రములలో మరియొక సాధనము కూడ నుండును. చక్రములు ఎన్ని మారులు తిరిగినవో, బండి ఎటు మొగ్గినదో అది లెక్కించుచుండును. వంతెన క్రిందను, దట్టమైన చెట్లక్రిందను ఉపగ్రహము వినబడనప్పుడు, ఈ లెక్కతోనే బాణమును ముందుకు నడపును. చేతులు మారిన కార్లకు వేరు కొలత టైర్లు వేయించుట కద్దు. అప్పుడు ఈ లెక్క కొంత తప్పును. ఉపగ్రహములు చెప్పుదానితో సరిచూచుకొని చాల యంత్రములు తమంతట తామే దిద్దుకొనును.

ఇక పుస్తకము. కారులో పటమును ఉంచవలెనను ఊహ ఉపగ్రహములకంటె పాతది. 1981లో జపానులో హోండా కంపెనీవారు ఉపగ్రహముల సాయమే లేక, వాయువుతో పనిచేయు దిక్సాధనమును కారులో నమర్చి, పారదర్శకమైన పటపు రేకులను తెరముందు మార్చుకొనునట్లు ఒక పరికరమును చేసిరి. 1985లో కాలిఫోర్నియాలో ఏటాక్ అను సంస్థ పటములను క్యాసెట్టు టేపులపై ఎక్కించెను. పాటలు వినెడి క్యాసెట్టువంటి దానిపైనే వీధుల లెక్కలు నింపుట రేడియోవారికి ముచ్చట గొలుపు సంగతి. 1990లో మాజ్దా కంపెనీ జపానులో ఉపగ్రహములను వినగల కారును అమ్మెను. పిమ్మట పటము డిస్కుపైకిని, హార్డుడిస్కుపైకిని, చివరకు గోరంత కార్డుపైకిని చేరెను. మన దేశములో అమ్ముడుపోయిన పెక్కు కార్లలో నుండునది ఈ కార్డే.

కొలత చేయువారు దారులపై తిరిగి, వ్రాసి, కూర్చి, కార్డుపై నెక్కించి, కారు కర్మాగారమునకు చేర్చునప్పటికే కొంత కాలము గడచును. కావున కారు కొన్ననాటికే పటము వెనుకటిది. ఆ కారు ఇంకొకరి చేతికి వచ్చునప్పటికి పది సంవత్సరములు దాటినను ఆశ్చర్యము లేదు. దారుల పుస్తకము పాతబడుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1830లో మదరాసునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కృష్ణ దాటి వనపర్తి మీదుగ హైదరాబాదునకు పోయెను. మజిలీలను, దారి మంచిచెడ్డలను ఆయన వ్రాసిపెట్టెను. ఆ కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. నేడు దానిని చూచి బండి నడుపువారు లేరు గాని, అందు చెప్పబడిన నదులును కొండలును ఉన్నచోటనే యున్నవి. కారులోని పాత పటమున కూడ చెడునవి దారులు, పేర్లు, హద్దులు. ఏరులు, గుట్టలు, పెద్ద ఊళ్ల తావులు చాలవరకు చెడవు.

మన మూడు జిల్లాలలో గత పదునైదేండ్లయందు మారినంతగ దారులును పేర్లును మారిన ప్రాంతములు అంతగా ఉండవేమో. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడెను. 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లానుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు విడివడెను. పాత కారు నుదుట ఏపీ 22 అను అక్షరములున్నచో అది మహబూబ్‌నగర్‌లో 2014కు పూర్వము నమోదైనదని గ్రహింపవచ్చును. ఇప్పుడు నాగర్‌కర్నూలునకు 31, వనపర్తికి 32, గద్వాలకు 33 సంఖ్యలు. ముందటి అక్షరములు టీయస్ అయి, 2024లో టీజీ అయినవి. యంత్రపు నాలుకయు ఆ పలకవంటిదే. అందు గద్వాలను వెదకవలెనన్నచో రాష్ట్రము ఆంధ్రప్రదేశ్ అనియు, జిల్లా మహబూబ్‌నగర్ అనియు ఎన్నుకొనవలెను. ఈ కీలకము తెలియక ఊరే పటములో లేదని విసుగుకొనువారిని మేము చూచితిమి.

పేర్ల చిక్కు ఇంతటితో పోదు. ఆత్మకూరు అని టైపు చేసినచో ఎన్ని ఆత్మకూరులు! వనపర్తి జిల్లాలో జూరాలకు సమీపమున నొకటి. నల్లమల కావల పూర్వము కర్నూలు జిల్లాలోను, 2022 ఏప్రిల్‌నుండి నంద్యాల జిల్లాలోను నున్నదొకటి. నెల్లూరు జిల్లాలో వేరొకటి. పాత పటమున ఇవి యన్నియు ఒకే రాష్ట్రములోనివి. మొదటి వరుసలో వచ్చినదానిని నొక్కిన యెడల, ఇరువది నిమిషముల ప్రయాణమునకు ఏడెనిమిది గంటలని యంత్రము చెప్పవచ్చును. అప్పుడైనను అనుమానము కలుగవలెను. కొల్లాపూరును వెదకువారికి మహారాష్ట్రములోని కొల్హాపూరు ఎదురగును. ఇంగ్లీషు అక్షరములలో ఊరి పేరు ఎట్లు వ్రాసిరో కూడ ఊహింపవలెను. వనపర్తికి వాడుకలో నున్న వ్రాతలే రెండు మూడు. ఊరి పేరు దొరకనప్పుడు పటమును వ్రేలితో జరిపి, చోటును చూచి గుర్తుపెట్టుట సులభము.

రహదారి సంఖ్యలు 2010లో దేశమంతట మారెను. హైదరాబాదునుండి జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తాల మీదుగ కర్నూలునకు పోవు దారి పూర్వము 7వ నంబరు. ఇప్పుడు 44వ నంబరు. పాత యంత్రము 7 అనును. మన పెద్దలును 7 అనియే యందురు గనుక ఇంటిలో దానికి తోడు దొరకును. సంఖ్య మారినంతమాత్రమున ప్రమాదము లేదు. రూపు మారుటచేత కలదు. ఆ దారి నాలుగు వరుసలై నడుమ గట్టు పడినది. వెనుకటి పటమున అది ఒకే గీత. అందుచేత ఊరిదారి ఎదురుగ కనబడగనే కుడికి తిరుగుమని కంఠము చెప్పును. అచట గట్టు తెరపి యుండదు. తొందరపడి, ముందు తెరపివరకు పోవుటకు ఓపిక లేక, ఎదురుదిశలో బండిని కొంతదూరము నడుపువారు కలరు. లారీలు దూసుకొనివచ్చు దారిపై దీనికంటె చెడ్డ పని లేదు. కంఠము ఎన్ని మారులు చెప్పినను, తెరపి వచ్చువరకు ముందుకే పోవలెను. యంత్రమునకు కోపము రాదు. క్రొత్త లెక్క వేసికొనును.

ఆ లెక్కలోనే ఇంకొక మాయ కలదు. కారు ఎప్పుడును దారిపైననే యుండునని యంత్రమునకు నేర్పబడినది. ఉపగ్రహము చెప్పిన చోటు దారికి కొద్దిగ ఎడముగ తోచినచో, బాణమును సమీపమున నున్న దారిపైకి జరుపును. పటము క్రొత్తదైనప్పుడు ఇది మంచి గుణము. పాతదైనప్పుడు, పాత దారికి ఏబది మీటర్ల ఎడమున వేసిన క్రొత్త దారిపై మీరు పోవుచుండగా, బాణము పాత దారిపైననే యున్నట్లు చూపి, ఆ దారి మలుపులను చదువుచుండును. క్రొత్త దారి దూరముగ నున్నచో దానికి జరుపు తావు లేక, బాణము ఏ గీతయు లేని బయలులో తేలును. కారు చెల్కలో పోవుచున్నట్లు కనబడును. చూచినవారు యంత్రము చెడిపోయినదందురు. నిజమునకు అది నమ్మదగిన క్షణమదే: మీరున్న చోటు సరిగ చూపబడినది, దారి మాత్రము పుస్తకములోనికి ఇంకను ఎక్కలేదు. అట్టి వేళ మాటను వినుట మాని, బాణము మీ ఊరివైపునకు సాగుచున్నదా లేదా యని మాత్రమే చూచుట మేలు.

జలాశయముల సంగతి మరింత విచిత్రము. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకమునకు 2015లో శంకుస్థాపన జరిగెను. నార్లాపూర్, ఏదుల, వట్టెం వద్ద పెద్ద కట్టలు లేచెను. అంతకు పూర్వపు పటమున ఆ తావులు బయళ్లును, పల్లెలును, పల్లెలను కలుపు దారులును. యంత్రము ఆ దారుల మీదుగనే దగ్గర దారి చూపును. మీరు పోగా ఎదుట కట్ట. ఇందు వ్యతిరేకమైన సందర్భము కూడ కలదు. శ్రీశైలము వెనుకనీరు పటమున నిండుకుండవలె నీలముగ గీయబడి యుండును. వేసవిలో కొల్లాపూరువైపు సోమశిల పరిసరములకు పోయినవారికి నీరు దూరముగ తొలగి, బయలుపడిన నేల కనబడును. అది పటము పాతబడుటచేత కలిగిన తేడా కాదు. నదికి ఏటేట కలుగు మార్పు. కంటికిని తెరకును పొత్తు కుదరనప్పుడెల్ల కార్డును నిందింపరాదు.

గద్వాల సీమకు నడిగడ్డ యని పేరు. ఒకవైపు కృష్ణ, ఒకవైపు తుంగభద్ర. గద్వాలనుండి వనపర్తికి పోవువాడు కృష్ణను దాటియే తీరవలెను. కారున దాటుటకు వాడుకలోనున్న తావులు జూరాల ఆనకట్ట యొకటి, బీచుపల్లి వంతెన యొకటి. వరద కాలమున ఆనకట్టపై రాకపోకలకు ఆంక్షలు పెట్టుట కద్దు. యంత్రమునకు వరద తెలియదు. 2009 అక్టోబరు మొదటివారమున కృష్ణ, తుంగభద్రలు పొంగి అలంపురమును, కర్నూలును ముంచినప్పుడు జాతీయ రహదారిపైననే రాకపోకలు నిలిచెను. ఆనాడు ఎంత క్రొత్త పటమైనను దారి ఉన్నదనియే చూపెడిది. కొల్లాపూరువైపునుండి కృష్ణకు ఆవలి గట్టునకు సోమశిల వద్ద వంతెన కట్టుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో ఆమోదము తెలిపెను. పాత పటములకు ఇట్టి వంతెనలు ఎన్నటికిని తెలియవు. అంతేగాక, పడవ దాటు రేవును దారిగ లెక్కించు యంత్రములు కలవు. అమరికలలో పడవదారులను వలదను మీట యుండును. మన నదీతీరములలో దానిని నొక్కి యుంచుట మంచిది.

నీటి విషయమున మేము ఇంత నొక్కి చెప్పుటకు కారణము కలదు. 2023 అక్టోబరు 1వ తేదీ రాత్రి, కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో జోరువానలో దారి తప్పిన కారు నదిలో పడి ఇద్దరు యువ వైద్యులు మరణించిరి. 2024 నవంబరు 24న ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ జిల్లాలో, రామగంగా నదిపై వరదకు కొంతభాగము కొట్టుకొనిపోయి మిగిలిన వంతెనపైనుండి కారు పడి ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. పటమున ఆ వంతెన నిండుగనే యుండెనని వార్తలు వచ్చెను. ఈ రెండు సందర్భములలోను చర్చకు వచ్చినది చేతిఫోనులోని పటమే. అది పాత కారులోనిది కాదు. అందరును క్రొత్తదని నమ్మునదానికే ఆ గతి పట్టినప్పుడు, పది సంవత్సరముల కార్డును నమ్మి చీకటిలో వాగు దిగువారిని గూర్చి ఏమనవలెను? వానకాలపు రాత్రి, ముందు నీరు మెరసినచో బండి నాపి, దీపములు వెలిగించి, దిగి చూడవలెను. తోడు మనిషి లేనిచో వెనుకకు మరలవలెను.

అడవిదారి సంగతియు ఇట్టిదే. హైదరాబాదునుండి శ్రీశైలము పోవు 765వ నంబరు జాతీయ రహదారి నాగర్‌కర్నూలు జిల్లాలో మన్ననూరు దాటగనే పులుల అభయారణ్యములో ప్రవేశించును. అచటి తనిఖీ గేటును రాత్రి 9 గంటలకు మూసి ఉదయము 6 గంటలకు తెరచెదరు. రాత్రి పదింటికి అచ్చంపేట వద్ద పాత యంత్రము నడిగినచో, శ్రీశైలము ఇంకెన్ని కిలోమీటర్లో, ఎన్ని నిమిషములలో చేరుదురో నిర్విచారముగ చెప్పును. పిల్లలతో బయలుదేరినవారు గేటు ముందు తెల్లవార్లు కూర్చుండవలసి వచ్చును. పటమున దారి యుండును. దారికి వేళ యుండదు.

అయినను ఆ అడవిలోనే ఈ ముసలి యంత్రము తన విలువను చూపును. నల్లమలలో చాలచోట్ల చేతిఫోనుకు టవరు అందదు. ముందుగ దించుకొనని పటము ఫోనులో బూడిదరంగు గళ్లుగ నిలిచిపోవును. కారులోని యంత్రము మాత్రము, పైన చెప్పినట్లు, ఎవ్వరిని అడుగక ఉపగ్రహమును వినుచునే యుండును; దాని పుస్తకము దానియొద్దనే యున్నది. ఎంత దూరము వచ్చితిమి, ఘాటు మలుపు ముందున్నదా, ఏ దిక్కునకు పోవుచున్నాము అను మాటలకు అది సమాధానము చెప్పగలదు. కాబట్టి మా ఇంటివారికి మేము చెప్పునది ఇది: ఇంటివద్దనే ఫోనులో మన జిల్లాల పటమును దించియుంచుడు, దారి ఎన్నుకొనుట ఫోనునకు విడుచుడు, కారు తెరను చోటునకును దిక్కునకును చూడుడు, రెండును వేరువేరు మాటలు చెప్పినచో బండిని ప్రక్కకు నిలిపి మనిషి నడుగుడు.

మనిషి నడుగుటలోను ఒక పద్ధతి కలదు. "నాగర్‌కర్నూలుకు ఈ తొవ్వనేనా?" అని అడిగినచో, మన పల్లెలలో మర్యాదకొరకే "ఆ, ఇదే" అనువారు కలరు. "అన్నా, నాగర్‌కర్నూలుకు ఎట్ల పోవాలె?" అని అడిగి ఊరకుండవలెను. అప్పుడు "బిజినేపల్లి మీదికెల్లి పోండ్రి సార్, ఈ తొవ్వ కట్ట కింద పోయింది" అని వచ్చు సమాధానము ఏ కార్డులోను దొరకదు. మేకల కాపరిని, పాలబండి నడుపువానిని, ఆటోవానిని అడుగుట మేలు. వారు ఆ దారిన నిన్న పోయియుందురు.

గడియారపు వింత యొకటి చెప్పవలసియున్నది. కొన్ని పాత కార్లలో తేదీ హఠాత్తుగ ఇరువది యేండ్లు వెనుకకు పోవును. ఉపగ్రహములు వారములను లెక్కించి ప్రసారము చేయును. పాత పద్ధతిలో ఆ లెక్క 1024 వారములకు నిండి మరల సున్నకు వచ్చును. 1024 వారములనగా సుమారు 19 సంవత్సరముల 7 నెలలు. 1980 జనవరిలో మొదలైన లెక్క 1999 ఆగస్టులో నొకమారు, 2019 ఏప్రిల్‌లో నొకమారు సున్నకు వచ్చెను. 2038 నవంబరులో మరల రావలసియున్నది. కొన్ని యంత్రములు తమ లెక్క ప్రకారము వేరే తేదీలలోను తడబడును. 2022 జనవరి 1న ఒక జపాను కంపెనీవారి పాత కార్లలో గడియారములు 2002వ సంవత్సరమును చూపసాగెను. ఇట్టిది జరిగినచో బండి చెడిపోయినదని దిగులుపడి మెకానిక్కునకు సొమ్ము పోయవలదు. చోటు లెక్క చాలవరకు చెడదు. చేరు వేళను మాత్రము నమ్మరాదు.

పాత కారు కొనబోవువారికి కొన్ని మాటలు. తెరపై అమరికల పుటలో పటపు సంవత్సరమో సంచిక సంఖ్యయో వ్రాసియుండును. దానిని చూచిన పిదపనే ఆ తెరకు వెల కట్టవలెను. కార్డు ఉండవలసిన చీలికలో కార్డు ఉన్నదో లేదో చూడవలెను. ఎవరో తీసి పాటలకు వాడుకొనగా, మీట నొక్కినప్పుడు కార్డు లేదని మాత్రము చెప్పు తెరలు కలవు. క్రొత్త పటము దొరకునా యని ఆ కంపెనీ దుకాణమున ముందే అడుగవలెను. కొన్ని నమూనాలకు పటములు వేయుట ఆపివేసిరి. కొన్నింటికి కార్డు ఆ కారు సంఖ్యకే బంధింపబడి, వేరొక కారు కార్డు పనిచేయదు. బజారులో చౌకగ అమ్ము నకలు కార్డు తెరనే స్తంభింపజేయవచ్చును. 2014, 2015 సంవత్సరములనుండి ఫోనులోని పటమునే కారు తెరపై చూపు ఏర్పాట్లు వచ్చినవి. అట్టి సదుపాయము మీ తెరకున్నచో పాత కార్డును గూర్చి బెంగ లేదు. లేనిచో తెర నంతటిని మార్చుటకు అగు ఖర్చును, పటము మార్చుటకు అగు ఖర్చును పోల్చుకొనవలెను. మా అభిప్రాయమున, మూడు జిల్లాలలోనే తిరుగు కుటుంబమునకు ఆ రెండు ఖర్చులును అనవసరము. ఫోనును నిలుపు చిన్న బిగింపు చాలును.

న్యూజిలాండులో నివసించు మనవారికి ఈ కష్టము మరియొక రీతిగ నుండును. అచట జపానునుండి దిగుమతియైన పాత కార్లు విరివి. వాటి తెరపై జపాను దేశపు పటము, జపాను లిపి, జపాను భాష. బాణము ఎచటనో సముద్రమున నిలుచును. పైగా జపాను రేడియోలో యఫ్‌యం 76 మెగాహెర్ట్జులతో మొదలై 100కు లోపలనే ముగియును గనుక, అక్కడి స్టేషనులు సగము వినబడవు. పటము పోయిన బాధకంటె రేడియో పోయిన బాధయే ఎక్కువ యని మా శ్రోతలు ఒప్పుకొందురని తలచెదము.

చివరగా, తెరలో ఇల్లు అను గుర్తు కల మీట యుండును. చేతులు మారిన కారులో దానిని నొక్కినచో, అది మిమ్ము మొదటి యజమాని గడపకు తీసికొనిపోవును. ఆయన తిరిగిన ఆసుపత్రి, బంధువుల ఇండ్లు, పిల్లల బడి కూడ పాత గమ్యముల వరుసలో నుండును. కొన్ననాడే వాటి నన్నింటిని తుడిచివేయవలెను. మీరు అమ్మునాడును అట్లే చేయవలెను. పిమ్మట కారును మీ వాకిట నిలిపి, ఆకాశము తేటగ నున్నప్పుడు, ఇప్పుడున్న చోటునే ఇల్లుగ గుర్తింపుమని మీట నొక్కుడు. మీ కాలనీ ఆ పటములో లేకపోవచ్చును. మీ వీధికి పేరు లేకపోవచ్చును. గుర్తు పడునది అక్షాంశ రేఖాంశములపై గనుక, బాణము బయలులో తేలుచునైనను మీ వాకిటివరకు వచ్చును.